పులుసు కోసమైతే బజారుకు పోండి

మీకు ఏ చేపంటే ఇష్టం?

తినేవాణ్ణి అడిగితే ముళ్ళు తక్కువున్న చేప పేరు చెబుతాడు. అమ్మేవాణ్ణి అడిగితే ఆ పూట గంపలో మిగిలిపోయిన చేప పేరు చెబుతాడు. గాలం వేసేవాణ్ణి అడిగి చూడండి. పేరు చెప్పి ఊరుకోడు. రెండు చేతులూ చాపి కొలత చూపిస్తాడు, గొంతు తగ్గిస్తాడు, పోయినేడు తెగిపోయిన దారం కథ మొదలుపెడతాడు. పట్టిన చేప గురించి రెండు మాటలే ఉంటాయి, తప్పించుకున్న చేప గురించి అరగంట.

ఆ అరగంట కథలో ఉద్యోగం వెతుక్కునే కుర్రాళ్ళకూ, ఉన్న ఉద్యోగం మీద విసుగెత్తిన నడివయసువాళ్ళకూ పనికొచ్చే సంగతి ఒకటుంది. నేను దాన్ని అనంతపురంలో నేర్చుకున్నాను.

"అనంతపురంలో గాలమేందప్పా, తాగేదానికే నీళ్ళు లేకుంటే!" అని మా ఊళ్ళోనే నవ్వుతారు. వాళ్ళ నవ్వులో న్యాయం లేకపోలేదు. ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. అది కూడా వచ్చినప్పుడు వస్తుంది, రానప్పుడు రాదు. అయినా ఈ సీమకు నీళ్ళు దొడ్డిదారిన వస్తాయి. తుంగభద్ర నుంచి హెచ్చెల్సీ కాలువ పెన్న మీది పీఏబీఆర్, మిడ్ పెన్నారు జలాశయాలకు నీళ్ళు తెస్తుంది. శ్రీశైలం వెనుక జలాలను మాల్యాల దగ్గర ఎత్తిపోస్తే హంద్రీనీవా కాలువ వెంట జీడిపల్లి జలాశయం దాకా వస్తాయి. ఇక విజయనగర రాజుల కాలం నాటి బుక్కరాయసముద్రం చెరువు ఉండనే ఉంది. కట్ట తెగకుండా ప్రాణమిచ్చిన ముసలమ్మ కథ ఈ చెరువుదే. కట్టమంచి రామలింగారెడ్డిగారు కావ్యం రాసింది ఆమె గురించే. నీళ్ళొచ్చిన చోటికి చేపలొస్తాయి. చేపలొచ్చిన చోటికి, ఆదివారం తెల్లారకముందే, గాలం కర్రలు పట్టుకుని మనుషులొస్తారు. కోనసీమలో గాలం రోజువారీ అలవాటు కావచ్చు, మా దగ్గర మాత్రం అది తిరునాళ్ళ.

అలాంటి ఒక ఆదివారం చెరువు కట్ట మీద నలుగురిని చూశాను. ఒకే చెరువు, ఒకే ఎండ, నలుగురివీ నాలుగు చేపలు.

మొదటివాడు పదేళ్ళ పిల్లవాడు. సన్న వెదురుబద్ద, చీపురుపుల్ల ముక్కే బెండు, చిటికెడు వానపాము ముక్క ఎర. పరిగెలు పడుతున్నాడు. వేలెడు చేపలు, నిమిషానికొకటి. ప్లాస్టిక్ డబ్బాలో అవి టపటపలాడుతుంటే ప్రతిసారీ మూత తీసి లెక్కపెట్టుకుంటున్నాడు. "ఏంటికి పరిగెలంటే అంత ఇష్టం?" అంటే, "ఊరికే కూచోబన్లేదన్నా, పడతానే ఉంటాయి" అన్నాడు. నేర్చుకునే వయసుకు అంతకంటే మంచి కారణం లేదు. కొత్త పని పట్టినవాళ్ళకు మొదటి వారంలోనే చిన్న చిన్న గెలుపులు కావాలి. వ్యాకరణం మొత్తం పూర్తయ్యాకే ఇంగ్లిషు మాట్లాడతానని కూర్చునేవాడు ఎప్పటికీ మాట్లాడడు. ముందు పరిగెలు పట్టాలి.

రెండో ఆయన జిలేబీ చేపలు పడుతున్నాడు. తిలాపియా అంటారే, అది. పుట్టింది ఆఫ్రికాలో, 1952లో మన దేశానికి తెచ్చిన చేప ఇది. దేనికైనా నోరు తెరుస్తుంది, ఎలాంటి నీళ్ళలోనైనా బతుకుతుంది, పిల్లల్ని నోట్లో పెట్టుకుని సాకుతుంది. అందుకే చూస్తుండగానే చెరువంతా నిండిపోతుంది. నిండాక తిండి చాలక అన్నీ అరచేయంతలోనే ఆగిపోతాయి. ఏడేళ్ళు తిరక్కుండానే, 1959లో, దీన్ని ఇంకెక్కడా వదలొద్దన్నారు. అప్పటికే అది చెరువుల్లోకి పాకేసింది. ఆయన సంచి నిండింది. మొహంలో మాత్రం ఏమీ లేదు. "పడతాయిలే సార్, ఎవరేసినా పడతాయి" అన్నాడు.

ఆ మాట పట్టుకోండి. ఎవరేసినా పడేది పట్టినప్పుడు సంచి బరువెక్కుతుంది గానీ మనసుకు ఏమీ అంటదు. రోజంతా వాట్సాప్‌లో నలభై మందికి జవాబులిచ్చి, మూడు మీటింగుల్లో తలూపి, సాయంత్రం "తీరికే దొరకలేదు" అనుకుంటూ ఇంటికొచ్చే మనిషి సంచిలో ఉన్నవి జిలేబీ చేపలే. వాటిని పూర్తిగా మానేయమనడం లేదు, వాటితోనూ సంసారం గడుస్తుంది. కాకపోతే అవి చెరువంతా నింపేస్తే ఇంకో చేపకు చోటుండదు.

మూడో ఆయన రిటైరైన అయ్యవారు. మడత కుర్చీ, గొడుగు, ఫ్లాస్కు. తౌడు, శెనక్కాయ చెక్క కలిపి ముద్ద చేసి అడుగున దింపాడు. ఆయనకు బంగారుతీగ కావాలి. ఈ చేప బురదలో మూతి పెట్టి వెతుక్కుంటుంది. మూతి పక్కన చిన్న మీసాలతో తడిమి చూస్తుంది. ఎరను నోట్లోకి పీల్చి, అనుమానం వస్తే ఉమ్మేస్తుంది. బెండు కొద్దిగా వణికితే ఆయన గుండె కూడా వణుకుతుంది. మూడు గంటల్లో ఆయనకేమీ పడలేదు. అయినా ఆయనంత హాయిగా ఉన్న మనిషి ఆ కట్ట మీద ఇంకొకరు లేరు.

బంగారుతీగ పిచ్చి ప్రపంచమంతా ఉంది. ఇంగ్లండులో రిచర్డ్ వాకర్ అనే ఆయన 1952 సెప్టెంబరులో రెడ్‌మైర్ అనే చిన్న మడుగులో 44 పౌండ్ల చేపను పట్టాడు. దాదాపు 20 కిలోలు. దాన్ని కోసి కూర వండుకోలేదు. ప్రాణంతోనే లండన్ జంతుశాలకు పంపాడు, ఏళ్ళ తరబడి జనం వచ్చి చూసిపోయారు. రాత్రుళ్ళు చీకట్లో చేప దారం లాగితే గంట మోగే పరికరం తయారుచేసిన పేరూ ఆయనదే. ఒక్క చేప కోసం మనిషి కరెంటు గంట కనిపెట్టాడంటే, ఆ చేప అతని చేత ఎంత పని చేయించిందో చూడండి.

నేను చెప్పాలనుకున్నది సరిగ్గా ఇదే. గాలం వేసేవాడికి చేప మీద ఇష్టం దాని రుచిని బట్టి పుట్టదు. అది తన చేత చేయించే పనిని బట్టి పుడుతుంది. రుచి కోసమే అయితే బజారులో కిలో కొట్టించుకోవచ్చు. ఎండ ఉండదు, దోమలుండవు, భార్య చేత మాటలుండవు. చేప పడకపోయినా వచ్చే ఆదివారం మళ్ళీ కట్ట మీదికి వచ్చేవాడికి పులుసు ఒక సాకు మాత్రమే.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. కోచింగు సెంటర్లలో మాట్లాడటానికి పిలిచినప్పుడు నేనొక ప్రశ్న అడుగుతుంటాను. "గ్రూప్-1 ఎందుకు రాస్తున్నారు?" జవాబులన్నీ పులుసు గురించే ఉంటాయి. డిప్యూటీ కలెక్టరు, కారు, నమస్కారాలు, పెళ్ళి సంబంధాలు. సరే, రెండో ప్రశ్న. "ఉద్యోగం వచ్చాక, ఏ పండగా లేని ఒక మంగళవారం పొద్దున పదకొండు గంటలకు మీరేం చేస్తుంటారు?" గది నిశ్శబ్దమైపోతుంది. భూమి తగాదా ఫైలు చదవడం, ఇద్దరు అన్నదమ్ములు ఒకేసారి అరుస్తుంటే ఇద్దరి మాటా వినడం, పైనుంచి ఫోన్ వస్తే కాదనలేక అవుననలేక నిలబడటం: ఉద్యోగమంటే ఆ మంగళవారమే. నమస్కారాలు ఏ ఆగస్టు పదిహేనుకో వస్తాయి.

అందుకని ఒక పని చేయండి. కాగితం తీసుకుని మీరు కోరుకుంటున్నది పైన రాయండి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగమో, సొంత హోటలో, పుస్తకం రాయడమో, ఏదైనా. కింద దాని వల్ల వచ్చేది రాయొద్దు. అది మీకెటూ కంఠతా వచ్చు. దాని మంగళవారం రాయండి. పది పంక్తులు చాలు. రాశాక చదువుకుంటే నోట్లో నీళ్ళూరాయా, నిద్ర వచ్చిందా? నిద్ర వస్తే ఆ చేప మీది కాదు. పది పంక్తులు రాయడం చేతకాకపోతే అసలు ఆ చెరువే మీరింకా చూడలేదు. ముందు ఆ పని చేస్తున్న మనిషి పక్కన రెండు రోజులు కూర్చుని రండి.

నాలుగో ఆయన దగ్గరికి రాలేదు కదూ? ఆయన కోసమే ఇదంతా రాస్తున్నాను. ఆయన దగ్గర కుర్చీ లేదు. కూర్చోనే లేదు.

ఆయనది కొర్రమీను. దక్షిణాదిన గాలగాళ్ళను అడిగితే చాలామంది చెప్పే పేరు ఇది. బజారులో బొచ్చెకు రెండింతలు పలుకుతుంది, తెలంగాణ రాష్ట్ర చేప కూడా ఇదే. పాము లాంటి తల, గుండ్రటి ఒళ్ళు, ముట్టుకుంటే జారిపోయే నలుపు. తల పైభాగంలో గాలి పీల్చుకునే అర ఒకటుంటుంది. దానివల్ల నీళ్ళలో ఉంటూనే పైకొచ్చి మనలాగే గాలి పీలుస్తుంది. పైకి రానివ్వకుండా నీళ్ళలోనే పట్టి ఉంచితే చేప కూడా మునిగి చచ్చిపోతుంది! పని, పని అంటూ తలెత్తకుండా ఏళ్ళు గడిపేవాళ్ళకు ఈ ఒక్క ముక్క చెప్పి ముందుకు పోతాను.

ఈ నాలుగో పెద్దాయన కట్ట వాలు వెంట తుంగ దుబ్బుల పక్కన అడుగులో అడుగేసుకుంటూ నడుస్తున్నాడు. నాలుగడుగులు, ఆగడం. చూపంతా నీళ్ళ మీదే. గాలానికి చిన్న కప్ప. పది నిమిషాలకు ఒకసారి విసురుతాడు, అంతే. నేను వెనక నడిచాను. గాలమంటే ఓపికగా కూర్చోవడమని నా అభిప్రాయం. ఆ మాటే అన్నాను. ఆయన వెనక్కి తిరక్కుండానే అన్నాడు, "కూచుంటే అది సోమరితనమప్పా. ఓపికంటే సూసేది."

ఆ ఒక్క మాట కోసం నేను వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు ఎన్ని తిరగేశానో. ఓపిక పట్టండి, ఓపిక పట్టండి అని అందరూ చెబుతారు. ఓపిక పట్టి ఏం చేయాలో ఎవరూ చెప్పరు. ఎదురుచూసే కాలంలో ఏం చూస్తున్నాం? ఫలితాల కోసం నాలుగు నెలలు ఆగాల్సి వస్తే ఆ నాలుగు నెలలూ ఒకడు రోజూ వెబ్‌సైటు చూస్తాడు. ఇంకొకడు తాను రాసిన పేపరును తానే దిద్దుకుని ఎక్కడ తప్పిందో చూస్తాడు. ఇద్దరూ ఎదురుచూశామనే అంటారు.

కొంతదూరం పోయాక ఆయన చెయ్యెత్తి నన్ను ఆపాడు. తుంగ మధ్యన, మంచమంత ఖాళీ నీటి మీద, చిన్న బుడగ లేచి పగిలింది. గాలి పీల్చి దిగిందన్నమాట. కర్ర నా చేతికిచ్చాడు. విసిరాను. కప్ప పడింది, రెండు తాపులు తన్నుకుంది. నీళ్ళు ఒకచోట ఉబ్బాయి, లోపలినుంచి ఎవరో భుజంతో నెట్టినట్టు. 'గుబుక్' మని శబ్దం. కప్ప లేదు. నా చేతులు నా మాట వినలేదు, ఉన్న బలమంతా పెట్టి గుంజాను. గాలం ఎగిరొచ్చి నా చొక్కాకే తగులుకుంది. కప్ప కాలు మాత్రం మిగిలింది.

"ఏంటికప్పా అంత తొందర? అది ఇంకా నోట్లో పెట్టుకున్యాదో లేదో, నువ్వు గుంజేస్తివి."

కొర్రమీను ఎరను ముందు పట్టుకుంటుంది, తర్వాత తిప్పుకుంటుంది, ఆ తర్వాతే మింగుతుంది. ఆ రెండు మూడు క్షణాలు దారం వదులుగా ఇవ్వాలి. గంటసేపు ఆగిన మనిషికి ఆ మూడు క్షణాలు ఆగడం చేతకాదు, చిత్రం. ఇంటర్వ్యూలో ప్రశ్న పూర్తికాకముందే జవాబు మొదలుపెట్టేవాళ్ళు, కొనేవాడు ధర అడగ్గానే తగ్గింపు చెప్పేసే దుకాణదారులు, పిల్లవాడు "నాన్నా, ఒక సంగతి" అనగానే ఉపన్యాసం ఎత్తుకునే తండ్రులు, వీళ్ళంతా ఆ రోజు నాలాగే గుంజినవాళ్ళే. మనసు మారాలనేంత పెద్ద ఉపదేశం దీనికక్కర్లేదు. లోపల మూడు అంకెలు లెక్కపెట్టుకుంటే చాలు. నేను ఇప్పటికీ ఫోన్‌లో కోపం తెప్పించే మాట వింటే ఒకటి, రెండు, మూడు అనుకుంటాను. సగంసార్లు మర్చిపోతాను. మిగతా సగం పనిచేస్తుంది.

కొర్రమీను గురించి మా సీమ ఉపన్యాసకులు ఇంకో మాట తరచూ వాడతారు. చెరువు ఎండినా బురదలో పూడుకుని బతుకుతుంది, అలా మీరూ కష్టాల్లో ఓర్చుకోండి అని. చప్పట్లు బాగా పడతాయి. సగం నిజం కూడా. బురదలో తడి ఉన్నంతకాలం అది నిజంగానే బతుకుతుంది. తడి ఆరిపోతే చచ్చిపోతుంది. అయితే తడిసిన రాత్రుల్లో అదే చేప చెరువు వదిలి, నేల మీద పాకుతూ పక్క కుంటకు పోతుంది. ఆ సగం ఎవరూ చెప్పరు.

అనంతపురం వాళ్ళకు ఈ రెండో సగం చాలా అవసరం. ఓర్పు పేరుతో పదోసారి బోరు వేసి, పదకొండోసారికి అప్పు తెచ్చిన రైతులు మాకు ప్రతి ఊళ్ళో ఉన్నారు. వాళ్ళు పట్టుదల తక్కువై మునగలేదు. ఆగాల్సిన చోటు చెప్పే మనిషి లేక మునిగారు. బెంగళూరు రైలెక్కి పోయినవాణ్ణి ఊరు ఓడిపోయినవాడిగా చూస్తుంది. చేప చూడదు. మీరున్న చోట ఇంకా తడి ఉందా, లేక తడి ఉన్నట్టు మీరే అనుకుంటున్నారా? ఏడాదికొకసారి నిజాయితీగా ముట్టి చూడండి. ఉంటే ఆగండి. ఆరుతుంటే, పూర్తిగా ఆరకముందే, ఒళ్ళు తడిగా ఉన్నప్పుడే కదలండి.

ఒకే వంశం చేపకు విలువ చోటును బట్టి ఎలా మారుతుందో కూడా చెప్పాలి. కొర్రమీనుకు దాయాది అయిన ఉత్తరాది జాతి ఒకటి 2002లో అమెరికాలోని మేరీలాండ్‌లో, క్రాఫ్టన్ అనే ఊరి మడుగులో కనిపించింది. అక్కడిది కాదది. దేశమంతా గగ్గోలు పుట్టి మడుగుకే మందు పెట్టేశారు. అయినా తర్వాత పొటోమాక్ నదిలో పాతుకుపోయింది. దాన్ని ప్రాణాలతో మోసుకుపోవడం అక్కడ నేరం. ఇప్పుడు అక్కడి గాలగాళ్ళకు అదంటే మోజు. ఆ చుట్టుపక్కల స్థిరపడ్డ మనవాళ్ళు దాన్ని చూసి "ఇది మన కొర్రమీనే కదా" అనుకోవడం సహజం. ఇక్కడ గౌరవం, అక్కడ దొంగ. మీ గుణం మీ ఆఫీసులో తప్పుగా కనిపిస్తుంటే గుణం మార్చుకునే ముందు మడుగు కూడా చూడండి.

దీనికే ఇంకో కోణం. బొచ్చె పైనీళ్ళలో మేస్తుంది, దాని నోరే పైకి తిరిగి ఉంటుంది. శీలావతి మధ్యనీళ్ళది. ఎర్రమైల అడుగుది. చేపల చెరువుల్లో మూడింటినీ కలిపి పెంచేది అందుకే, ఒకదాని కూటికి ఒకటి అడ్డం రాదు. గాలం వేసేవాడికి ఇది తెలియకపోతే ఎంత మంచి ఎరైనా దండగ. బెండు జానెడు పైకో కిందకో జరిపితే చాలు, పొద్దంతా పడనిది పడుతుంది. ఎక్కడా రాణించలేదని బాధపడే చాలామంది ప్రతిభ మార్చుకోనక్కర్లేదు, లోతు మార్చుకోవాలి. పదిమంది ముందు మాట తడబడేవాడు ఒకరి ఎదుట కూర్చుంటే గొప్పగా చెప్పగలడు.

ఈ సరదా కొత్తదేమీ కాదు. ఈ సీమను కూడా ఏలిన కల్యాణి చాళుక్యుల్లో మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో 'మానసోల్లాసం' అనే పెద్ద సంస్కృత గ్రంథం రాశాడు. అందులో రాజులకు తగిన వినోదాల మధ్య మత్స్యవినోదానికి ఒక భాగమే కేటాయించాడు. ఏ చేపకు ఏ మేత వేసి మచ్చిక చేయాలి, దారం దేనితో పేనాలి, కర్ర ఎలా ఉండాలి అని వివరంగా చెప్పాడు. వంటవాళ్ళ సైన్యమున్న రాజుకు పులుసు కొదవా? అదే గ్రంథంలో వంటల గురించి వేరే చోట రాశాడు కూడా. చేప తినడం ఒక ముచ్చట, పట్టడం ఇంకో ముచ్చట అని ఆయనకు తెలుసు.

ఆ ఆదివారం చివర ఏం జరిగిందో చెప్పి ఆపేస్తాను. తూము దాటాక పెద్దాయన మళ్ళీ ఆగాడు. నీళ్ళ మీద ఎర్రగా, ముద్దలా ఏదో కదులుతోంది. చీమల గుంపు తేలుతున్నట్టుంది. దగ్గరగా చూస్తే వందల చేపపిల్లలు, గోరంత ఒక్కోటి, అన్నీ ఒకే బంతిలా కలిసి లేస్తున్నాయి, దిగుతున్నాయి. వాటి కింద నల్లటి నీడ ఒకటి నిలకడగా ఉంది. తల్లో తండ్రో, కాపలా. అరచేతిలో పట్టనంత తల. దాని ముందు ఏది పడినా ఆ క్షణంలో కోపంతో కొడుతుంది. గాలానికి అంతకంటే సులువైన కొర్రమీను ఉండదు.

నేను ఆయన చేతివైపు చూశాను. ఆయన గాలానికి గుచ్చిన కొత్త కప్పను విప్పి తుంగలోకి వదిలేశాడు. దారం చుట్టాడు.

"పట్టవా?"

"దాన్ని పడితే పిల్లోల్లని జిలేబీలు తినేస్తాయప్పా," అని కట్టెక్కాడు.

ఖాళీ సంచి భుజాన వేసుకుని రోడ్డు మీదికొచ్చాం. మలుపులో తోపుడుబండి మీద ఐసు పరిచి ఒకామె చేపలమ్ముతోంది. పెద్దాయన సైకిలు స్టాండు వేసి, జేబులోంచి మడతపెట్టిన నోట్లు తీశాడు. "బొచ్చె కిలో కొట్టుమ్మా. ముక్కలు కొంచెం పెద్దగా. ఇంటికి అల్లుడొచ్చినాడు."